మా నాయిన ఎవరి మనిషి? సరుకుల ఏజెన్సీల యజమానులకు, కంపెనీల ఏరియా మేనేజర్లకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సబ్బులు, బిస్కెట్లు, పేస్టులు, టీ పొడి ఏజెన్సీలు నడిపే యజమానులకు, వాళ్లకు సరుకు పంపే కంపెనీల ఏరియా మేనేజర్లకు నమస్కారం.

మీలో చాలామందికి మా నాయిన తెలుసు. ఇరవై నాలుగేండ్లు ఈ జిల్లా ఊళ్ల మీద సరుకు అమ్మిన లైన్ సేల్స్‌మన్. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. లైన్ మీద ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎట్లాగూ తక్కువే. చండూరు దిక్కు 'సబ్బులాయన', తండాల్లో 'అన్న', టౌన్‌లో 'లైన్ సారు'. ఆయన పనిచేసిన ఏజెన్సీ పేరు, సరుకు పంపిన కంపెనీ పేరు కూడా రాయను. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది. మిగతావాళ్లు మీ గోదాములో పనిచేసే సేల్స్‌మన్‌ను తలుచుకొని చదవండి.

2022 మేలో నాయిన లైన్ మీదనే పోయాడు. ఆయనకు రావాల్సిన గ్రాట్యుటీ, అంటే ఏండ్ల తరబడి చేసిన పనికి చివరన యజమాని ఇచ్చే పైసలు, అడుగుతూ ఆ జూన్ నుంచి నాలుగు రిజిస్టర్డ్ ఉత్తరాలు రాశాను. మూడింటికి అందినట్టు కార్డులు వచ్చాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. ఒక దఫ్తరులో అర్జీ పెట్టి పదకొండు సార్లు తిరిగాను. పిలిచిన తారీఖుకు అవతలివాళ్లు రారు, వచ్చిన నన్ను "రుజువు తెచ్చావా" అని అడుగుతారు. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. తిరిగిన ప్రతి రోజుకూ నా జీతం కోత. ఇక ఈ సంగతి నలుగురిలో పెట్టడం తప్ప దారి కనిపించలేదు.

ముందు ఆ మనిషి ఏం పని చేశాడో రాస్తాను. గదిలో కూర్చొని టార్గెట్లు పంపేవాళ్లకు అది తెలిసే అవకాశం తక్కువ.

1998లో చేరినప్పుడు నాయినకు 29 ఏండ్లు. సోమవారం మునుగోడు, చండూరు లైన్. మంగళవారం నాంపల్లి, మర్రిగూడ. బుధవారం హాలియా, పెద్దవూర. గురువారం కనగల్, గుర్రంపోడు మీదుగా కొండమల్లేపల్లి. శుక్రవారం తిప్పర్తి, వేములపల్లి. శనివారం టౌన్, అంటే ప్రకాశం బజారు, క్లాక్ టవర్ చుట్టుపక్కల దుకాణాలు. ఆదివారం పొద్దున ఏజెన్సీలో లెక్కలు. మా ఇంట్లో వారాల పేర్లతో పనే ఉండేది కాదు. "చండూరు నాడు దవాఖానకు పోదాం", "హాలియా నాడు పిండి పట్టిద్దాం" అనేది అమ్మ. నేను బడిలో చేరాకే తెలిసింది, అందరి ఇండ్లల్లో అట్లా అనరని.

మొదట్లో టీవీఎస్ ఫిఫ్టీ, తర్వాత ఎవరో వాడి అమ్మిన బైకు. భుజానికి రెగ్జిన్ సంచి. అందులో మూడు రంగుల కాయితాల ఆర్డర్ బుక్కు, రెండు కార్బన్లు, స్కీముల కాయితాలు, రబ్బరు బ్యాండు వేసిన కలెక్షన్ పైసలు, ఒక పాత తువాల. మర్రిగూడ లైన్ నాడు బండికి ఐదు లీటర్ల నీళ్ల డబ్బా కూడా కట్టేవాడు. ఫ్లోరైడ్ నీళ్లతో ఆ దిక్కు మనుషుల నడుములు ఎట్లా వంగిపోయాయో ఈ జిల్లావాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మాపటికి తిరిగొచ్చేటప్పుడు డబ్బాలో మిగిలిన నీళ్లు ఒక ముసలమ్మ దుకాణంలో బిందెలో పోసి వచ్చేవాడు. భగీరథ నల్లా వాళ్ల ఊరికి వచ్చిందాకా ఆ పని మానలేదు.

సరుకు అమ్మడంలో ఆయనకో పద్ధతి. దుకాణంలోకి పోగానే బుక్కు తీసేవాడు కాదు. అరల దిక్కు చూసేవాడు. ఏ డబ్బా మీద దుమ్ము పట్టింది, ఏ సరుకు వెనక్కి పోయింది, దేని తారీఖు దగ్గర పడింది. పాత సరుకు ముందటికి, కొత్తది వెనక్కి తానే సర్ది, అప్పుడు "ఏం రాయమంటవ్ చెల్లె" అని అడిగేవాడు. నెలాఖరు టార్గెట్ కోసం దుకాణాల్లో సరుకు కుక్కడం ఆయనకు గిట్టదు. "ఇయ్యాల కుక్కితే వచ్చే నెల అదే డబ్బా నా మొఖాన కొడ్తరు" అనేవాడు. అట్లా ఇన్సెంటివ్ పోయిన నెలలే ఎక్కువ. అమ్మ ఆ సంగతి ఎత్తితే, "ఊళ్లె మొఖం చెల్లాలె గదనే" అని సంచి సర్దుకునేవాడు. ఈ విషయంలో నేను ఎక్కువగా అమ్మ దిక్కే. నా డిగ్రీ ఫీజు రెండుసార్లు ఆ ఇన్సెంటివ్ లేకనే ఆగింది.

ఇంట్లో ఆయన వేరే మనిషి. మా చిన్నప్పుడు విరగని బిస్కెట్ తిన్నది చుట్టాలు వచ్చినప్పుడే. డ్యామేజీ పాకెట్లు సగం రేటుకు ఆయన జీతంలో రాసి ఇచ్చేవారు. ఆయన వాటిని పళ్లెంలో పోసి, ముక్కలు ఏరి, సగం బిస్కెట్లను జత కలిపి "ఇగో, ఫ్రెష్ స్టాక్" అని ముందర పెట్టేవాడు. స్కీముల్లో మిగిలిన చెంచాలు, మగ్గులు, డబ్బాలతోనే మా వంటిల్లు నిండింది. నా పెండ్లికి అత్తగారింటికి పోయిన డబ్బాల్లో రెండింటి మీద సబ్బు కంపెనీ గుర్తు ఇప్పటికీ ఉంది. ఎంగిలిపూల నాడు ఏ లైన్ అయినా సరే, రెగ్జిన్ సంచిలో తంగేడు, గునుగు వచ్చేవి. ఆర్డర్ బుక్కుకు పసుపు మరకలు పడేవి, మరునాడు ఏజెన్సీలో తిట్లు పడేవి. ఏడాదికి ఒక్కరోజు, చెరువుగట్టు జాతరకు మాత్రం, ఎవరినీ అడగకుండా సెలవు పెట్టేవాడు. గట్టు మీద రాత్రి మేమంతా పండుకుంటే ఆయన దుకాణాల వరసలో తిరిగి, ఎవరి దగ్గర ఏ సబ్బు ఉందో చూసి వచ్చేవాడు. పని పిచ్చి అది, దానికేం చేస్తాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. నిత్యావసర సరుకు అని పాసులు తీసి లైన్లు నడిపించారు. నాయిన మొఖానికి తువాల కట్టుకొని ఊళ్లకు పోయాడు. మాపటికి బయట నల్లా కాడ స్నానం, అరుగు మీద పడక, గిన్నె వేరే. ఆ పాసు మీద 'సేల్స్‌మన్' అని, కింద ఏజెన్సీ ముద్ర, యజమాని సంతకం ఉన్నాయి. అది మా దగ్గర భద్రంగా ఉంది. దాని మాట మళ్లీ వస్తుంది.

2022 మే 26, గురువారం. రోహిణి కార్తె మొదలైన రెండో నాడు, రోళ్లు పగిలే ఎండ. పొద్దున ఏడింటికి అంబలి తాగి పోయాడు. రెండు దాటాక కొండమల్లేపల్లి అవతల ఒక తండా దుకాణం ముందర బండి ఆపాడు. ఆ దుకాణం నడిపే అక్క మాకు తర్వాత చెప్పింది: "అన్న బండికి స్టాండ్ ఏసిండు గని దిగలే. చెమట్లు కారిపోతున్నయ్. నీళ్లిస్తే సగం తాగి సగం నెత్తిన పోసుకుండు. జరసేపు ఒరుగు అన్నా అంటే, నెలాఖరు చెల్లె, ఇంక తొమ్మిది దుకాణాలున్నయ్ అని బుక్కు తీసిండు."

ఆ బుక్కు మా ఇంట్లో ఉంది. ఆఖరి పేజీలో మొదటి వరస: బట్టల సబ్బు, 1 డజను. రెండో వరస: షాంపూ, 6 లడీలు. మూడో వరసలో 'బిస్' అని ఉంది. ఆ తర్వాత గీత కిందికి జారిపోయింది. పెన్ను గట్టిగా ఒత్తి రాయడం ఆయన అలవాటు. ఆ గీత కార్బన్ కింద గులాబీ కాయితం మీద, దాని కింద పసుపు కాయితం మీద కూడా అచ్చు పడింది.

ఆ అక్క, ఇంకో ఇద్దరు ఆటోలో దేవరకొండ దవాఖానకు తీసుకుపోయారు. చేరేసరికే ప్రాణం లేదు. గుండెపోటు అని రాశారు. నాలుగింటికి ఫోన్ గ్రూపులో ఆయన పేరు పెట్టి మెసేజి వచ్చింది: "ఈ రోజు కాల్స్ తక్కువ ఎందుకు ఉన్నాయి?" కాల్స్ అంటే ఆ రోజు తిరిగిన దుకాణాల లెక్క. పంపినవాళ్లకు అప్పటికి సంగతి తెలియదు. వాళ్లను తప్పు పట్టను.

చావుకు ఏజెన్సీ సేల్స్‌మన్లు, గోదాము హమాలీలు అందరూ వచ్చారు. పాడె మోసింది కూడా వాళ్లే. యజమాని కొడుకు ఖర్చులకని పది వేల కవరు ఇచ్చాడు. ఆ రోజు అవి అక్కరకు వచ్చాయి, కాదనను.

దినాలు అయిన మూడో నాడు ఏజెన్సీ నుంచి ఒక లిస్టు వచ్చింది. నాయిన లైన్ల మీద 41 దుకాణాల బాకీ, మొత్తం 64,870 రూపాయలు. "ఆయన మాట మీద ఇచ్చిన ఉద్దెర, మీరే తేల్చాలె" అన్నారు. అమ్మ భయపడ్డది. నేను, తమ్ముడు నాయిన బండి మీదనే బయలుదేరాం. మాకు దారి చూపింది ఆయన నల్ల అట్ట డైరీ. ఒక్కో దుకాణం పక్కన ఆయన రాసుకున్న మాటలు ఇవి:

"కాలు ఇరిగింది. సంక్రాంతి దాకా అడగొద్దు."
"పత్తి పైసలు పడ్డంక."
"మొగడు తాగుతడు. ఆమె చేతికే రసీదు."
"బిడ్డ పెండ్లి. 1,240. తనే పిలిచి ఇస్తది."

పంతొమ్మిది రోజులు తిరిగాం. 41లో 37 దుకాణాలవాళ్లు ఇచ్చారు, 58,220 రూపాయలు. మిగతా నాలుగు దుకాణాలు అప్పటికే మూతపడ్డాయి. లిస్టులో లేని మూడు దుకాణాలవాళ్లు కూడా పిలిచి పైసలు చేతిలో పెట్టారు. ఏజెన్సీ లెక్కలో మీ బాకీ లేదు కదా అంటే, "అన్న జేబుల కెల్లి కట్టిండు బిడ్డా, మేం అన్నకే బాకీ" అన్నారు. అట్లా 2,150 రూపాయలు. నాయిన ఆ మాట ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే అమ్మ ఊరుకునేది కాదు, అందుకే చెప్పలేదు.

58,220 తీసుకుపోయి ఏజెన్సీ గల్లాలో కట్టాం. లెక్కపెట్టుకొని ఏదో పుస్తకంలో రాసుకున్నారు. మూతపడ్డ నాలుగు దుకాణాల 6,650 రూపాయలు నాయిన మే నెల జీతంలో కోసుకున్నారు. అప్పుడు అడిగాను: ఇరవై నాలుగేండ్లు చేశాడు కదా, గ్రాట్యుటీ సంగతేంది? యజమాని నిదానంగానే చెప్పారు: "ఆయన మా మనిషి కాదమ్మా. కమిషన్ మీద చేసిండు." కంపెనీ ఏరియా మేనేజర్‌కు ఫోన్ చేశాను. "కంపెనీకి ఆయనకు సంబంధం లేదు మేడమ్, డిస్ట్రిబ్యూటర్ మనిషి." నెల ముందట అదే కంపెనీ గుర్తు ఉన్న టీషర్ట్ వేసుకొని, ఆర్డర్ రాస్తూ పడిపోయినవాడు ఎవరి మనిషి అని నేను ఊళ్లలో అడగలేదు. అడగకముందే ప్రతి దుకాణంలో ఒకటే మాట, "మా మనిషే పోయిండు."

ఇక లెక్కల్లోకి వస్తాను.

1. కమిషన్ మీద చేసేవాడికి ఖాయం జీతం ఉండదు. నాయినకు అమ్మినా అమ్మకపోయినా నెలకు 13,000 జీతం ఉండేది, ఇన్సెంటివ్ దాని మీద వేరే. 2017 దాకా జీతం కవర్లో వచ్చింది, ఆ తర్వాత యజమాని కొడుకు సొంత ఖాతా నుంచి ఫోన్‌లో వచ్చింది. నాయిన పోయినప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణానికి వర్తించేది. ఒకసారి వర్తించాక తర్వాత మనుషులు తగ్గినా వర్తిస్తూనే ఉండేది. ఆ గోదాములో సేల్స్‌మన్లు, డ్రైవర్లు, హమాలీలు, కంప్యూటర్ దగ్గర కూర్చునే పిల్లలు కలిసి పద్నాలుగు మంది. ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 పని దినాల లెక్కన. అంటే ఏడాదికి 7,500. ఇరవై నాలుగేండ్లకు 1,80,000. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. లెక్క తప్పయితే చూపించండి, దిద్దుకుంటాను. లెక్కలు చెప్పడమే నా ఉద్యోగం.

2. రుజువు తెమ్మంటున్నారు. 2018 నుంచి నాయిన ఫోన్‌లో కంపెనీ యాప్ ఉంది. ఏ దుకాణంలోకి ఎన్ని గంటలకు పోయాడు, ఎన్ని నిమిషాలు ఉన్నాడు, బండి ఏ రోడ్డు మీద ఉంది, అన్నీ అందులో పడేవి. పది నిమిషాలు ఒకచోట ఆగితే ఫోన్ వచ్చేది. చనిపోయిన మరునాడు పొద్దునకే ఆ లాగిన్ మూసేశారు. అన్నం తినడానికి చింతచెట్టు కింద ఎంతసేపు కూర్చున్నాడో లెక్క ఉన్నవాళ్ల దగ్గర, ఆయన తమ దగ్గర పనిచేశాడు అనడానికి లెక్క లేదట. లాక్‌డౌన్ పాసు చూపిస్తే అది తాత్కాలిక పత్రమని దఫ్తరులో పక్కన పెట్టారు.

3. పీఎఫ్ అడిగితే ఇరవై మంది లేరు కాబట్టి వర్తించదని అన్నారు. ఒకటే గోదాము, ఒకటే గల్లా, ఒకటే వాటర్ ఫిల్టర్. సబ్బుల ఏజెన్సీ ఒకరి పేరు మీద, బిస్కెట్ల ఏజెన్సీ ఇంట్లో ఇంకొకరి పేరు మీద. బిస్కెట్ల వైపు తొమ్మిది మంది. పద్నాలుగు, తొమ్మిది కూడితే ఎంతో నా ఒకటో తరగతి పిల్లలు చెప్తారు. ఇట్లా రెండు బోర్డులతో నడిచేది ఆ ఒక్క గోదామేనా అన్నది మీరే చెప్పాలి.

4. కంపెనీల సంగతి. మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌ల కోసం 1976లోనే సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల చట్టం వచ్చింది. 2011లో దాన్ని సబ్బులు, బిస్కెట్లతో సహా ఇంకొన్ని పరిశ్రమలకు కూడా వర్తింపజేశారు. అది కంపెనీ నేరుగా పెట్టుకున్నవాళ్లకే అన్నారు ఏరియా మేనేజర్. ఊళ్లలో తిరిగేవాళ్లను నేరుగా ఎందుకు పెట్టుకోవడం లేదో ఆ మాటతో నాకు అర్థమైంది.

5. బత్తా రోజుకు 150 రూపాయలు. పెట్రోలుకు, చాయకు, అన్నానికి అంతే. గురువారం లైన్ పోను రాను ఊళ్లన్నీ తిరిగితే 110 కిలోమీటర్లు. ఆ మే నెల మొదట్లో లీటరు 119 రూపాయలు. ఆ పాత బండికి పెట్రోలే 260 దాటేది. తన పైసలు పెట్టుకొని మీ సరుకు అమ్మాడు. అన్నం ఇంటి నుంచి కట్టుకుపోయేవాడు, చాయ దుకాణాలవాళ్లే పోసేవారు, కాబట్టి నడిచింది.

6. నష్టం మా ఇంటితో ఆగలేదు. నాయిన పోయాక ఆ లైన్ మీద నలుగురు పిల్లలు మారారు. ఒకరు మూడు నెలలు, ఒకరు నెల. వాళ్లది తప్పు కాదు, ఆ జీతానికి, ఆ ఎండకు ఎవరుంటారు? కానీ తండా అక్క దగ్గరికి పోయినప్పుడు చూశాను, అరలో తారీఖు దాటిన బిస్కెట్ల డబ్బాలు రెండు. "పాత పిలగాడు తీసుకుంట అన్నడు, వాడు బంద్ అయిండు. కొత్త పిలగానికి తెల్వదంట." ఆమె నెల లాభం ఆ రెండు డబ్బాల్లోనే పోయింది. ఉద్దెర బంద్ అయింది. పత్తి పైసలు పడేదాకా ఆగేవాళ్లు లేరు, ఎందుకంటే ఎవరి పైసలు ఎప్పుడు పడతాయో రాసుకున్న మనిషి లేడు. చిన్న ఊళ్లో దుకాణం అరలు ఖాళీ అయితే, పది రూపాయల సబ్బుకు ముసలివాళ్లు ఆటో ఎక్కి మండలానికి పోవాలి.

7. మా చిన్నాయిన రెండెకరాల రైతు. 2019లో ఆయన పోయినప్పుడు రైతు బీమా కింద 5 లక్షలు చిన్నమ్మ ఖాతాలో పడ్డాయి. ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. నేతన్నలకు కూడా 2022లో అట్లాంటి బీమా వచ్చింది. సంతోషమే, ఆ పైసలతోనే చిన్నమ్మ ఇల్లు నిలబడ్డది. కానీ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లో తమ్ముడికి నాగలి పట్టినందుకు పేరు ఉంది, అన్నకు సంచి వేసుకున్నందుకు ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేదు. అమ్మ ఆ మాట ఒక్కసారే అన్నది. మళ్లీ అనలేదు.

ఇంకొకటి. నాయిన పోయిన నెలకు ఏజెన్సీ నుంచి తమ్ముడికి కబురు వచ్చింది, లైన్ నీకే ఇస్తాం రమ్మని. దుకాణాలన్నీ గుర్తుపడతాయని. వాడు పోయి నియామక పత్రం అడిగాడు. "మీ నాయినకే లేదు, నీకెందుకురా" అని నవ్వారట. వాడిప్పుడు చౌటుప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తున్నాడు. అక్కడ మొదటి రోజే కాయితం చేతికిచ్చారు. కాబట్టి కాయితం ఇవ్వడం కుదరని పనేమీ కాదు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. లైన్ మీదకు పోయే ప్రతి సేల్స్‌మన్‌కు నియామక పత్రం ఇవ్వండి. చేరిన తారీఖు, జీతం, బత్తా, ఎవరి దగ్గర పని అన్నది అందులో ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాలు 29 వాటిలో కలిశాయి. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు వేరే అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని ఇక్కడ ఎత్తను. కానీ ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది అందులో ఉంది. ఇక చట్టం తెలియదనే మాట చెల్లదు.

2. యాప్‌లో ఉన్న హాజరు, తిరిగిన లెక్క సేల్స్‌మన్ అడిగితే ఆయనకు, ఆయన లేకపోతే ఇంటివాళ్లకు ఇవ్వాలి. లాగిన్ మూసేముందు ఒక ప్రతి తీసి ఇవ్వడానికి ఖర్చేమీ కాదు.

3. ఊళ్ల మీద బాకీ వ్యాపారానిది. లాభం మీ ఖాతాలో రాసుకొని, మునిగిన ఉద్దెర సేల్స్‌మన్ జీతంలో కోయడం ఆపండి. చనిపోయినవాళ్ల ఇంటికి లిస్టు పంపడం అసలే వద్దు.

4. బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో ఏ కారణంగా పోయినా 2 లక్షల జీవిత బీమా బ్యాంకుల్లో ఉన్నాయి. జీవిత బీమాలో చేరడానికి 50 ఏండ్లు దాటకూడదు. నాయినకు అది తెలిసేసరికి 50 దాటాయి. ఇరవై రూపాయలంటే ఒక షాంపూ లడీ ఖరీదు. కంపెనీలు, ఏజెన్సీలు చెరి సగం పెట్టుకున్నా ఎవరి గల్లా ఖాళీ కాదు.

5. ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా లైన్ వద్దు. ఆ రెండు నెలల టార్గెట్ తగ్గించండి. నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో తెలియని మేనేజర్ ఎవరైనా ఉంటే, ఒక్క గురువారం ఆ బండి మీద కొండమల్లేపల్లి దాకా పోయి రమ్మనండి. బండి మా ఇంట్లోనే ఉంది, తాళం ఇస్తాను.

6. పెట్రోలు కిలోమీటర్ లెక్కన ఇవ్వండి.

7. మా నాయిన గ్రాట్యుటీ 1,80,000 రూపాయలు, 2022 జూన్ నుంచి వడ్డీతో, అమ్మ ఖాతాలో వేయండి. జీతంలో కోసుకున్న 6,650 కూడా.

కిరాణం దుకాణాల అక్కలకు, అన్నలకు ఒక మనవి. మీ దగ్గరికి వచ్చే పిలగాడిని ఒక్కమాట అడగండి, నీకు కాయితం ఇచ్చిండ్రా అని. మీరు అడిగితే వాడు పోయి వాళ్లను అడుగుతాడు. మా నాయినను ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. నేను కూడా అడగలేదు.

మీ జవాబు కోసం నాలుగో ఎండాకాలం దాకా ఆగాను. గ్రాట్యుటీ ఇచ్చేదీ లేనిదీ తేలడానికి ఇంకా టైం పడుతుందంటే పట్టనీయండి, అర్జీ వెనక్కి తీసుకోను. కానీ దాని కన్నా ముందు ఒక చిన్న పని ఉంది, అది ఈ రోజే అయ్యేది. మేము ఊళ్లు తిరిగి వసూలు చేసి మీ గల్లాలో కట్టిన 58,220 రూపాయలకు ఇప్పటిదాకా రసీదు ఇవ్వలేదు. అది పంపండి. ఎవరి బాకీ కింద జమ అన్నచోట నాయిన పేరు రాయాల్సి వస్తుంది కదా, ఆ పేరు పక్కన ఆయన మీకు ఏమవుతాడో కూడా రాయండి.

ఇట్లు,
ఆయన పెద్దబిడ్డ
నల్లగొండ